ఇంటి చుట్టూ తిరిగే ప్రాణి

ధర్మబోధ చేసేవాడు తన పొరపాటును దాచుకొని వ్రాసిన వ్యాసం పాఠకులకు మేలు చేయదు. కనుక ముందుగా నా పొరపాటునే చెబుతాను.

నాలుగేళ్ల క్రితం మా మదరసా వంటశాల వెనుకనున్న సామాన్ల గదిలో ఒక వీధిపిల్లి ఈనింది. పాత చాపల మడతల్లో నాలుగు పిల్లలు. బియ్యం బస్తాలు, పప్పులు నిల్వచేసే గది అది. వంటమనిషి వచ్చి, “హజ్రత్, వీటిని ఏం చేయమంటారు?” అని అడిగాడు. మన ఊళ్లలో నలుగురూ చేసేదే నేనూ చెప్పాను. గోనెసంచిలో వేసి చేపల మార్కెట్టు దగ్గర వదిలి రమ్మన్నాను. అక్కడైతే తినడానికి ఏదో ఒకటి దొరుకుతుందని నా మనస్సుకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదన్న సంగతి అతను చెప్పలేదు, నేను అడగలేదు.

తల్లి ఆ సమయంలో తిండి వెతుక్కోవడానికి వెళ్లి ఉంది. తిరిగి వచ్చి, చాపలన్నీ వెతికింది. మూడు రాత్రులు ఆ గది గుమ్మం ముందు తిరుగుతూ అరిచింది. తహజ్జుద్ నమాజుకు లేచినప్పుడు కూడా ఆ అరుపు నాకు వినిపించేది.

ఆ వారంలోనే ‘రియాజుస్సాలిహీన్’ పాఠంలో పిల్లిని గురించిన హదీసు వచ్చింది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, దానికి తాను తిండి పెట్టక, నేలమీది పురుగూ పుట్రా పట్టుకొని తినడానికి విడిచిపెట్టకా ఉండటంతో అది చనిపోయిందనీ, ఆ కారణంగా ఆమె నరకానికి గురైందనీ దైవప్రవక్త (స) తెలిపిన హదీసు అది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పాఠమే కనుక నేను ధారాళంగా వివరించుకుంటూ పోయాను. పదకొండేళ్ల విద్యార్థి ఒకడు లేచి నిలబడి, “హజ్రత్, మన సామాన్ల గదిలోని పిల్లలకు కళ్లు కూడా రాలేదు కదా, అవి పురుగుల్ని ఎలా పట్టుకు తింటాయి?” అని అడిగాడు.

నా దగ్గర సమాధానం లేదు. పాఠం ముగియగానే మార్కెట్టుకు వెళ్లాను. గోనెసంచి ఉంది. పిల్లలు లేవు.

మన ఇంటికి వచ్చిన అతిథి

ఆ తల్లిపిల్లి క్రమంగా మదరసా వెనుకనే ఉన్న మా ఇంటి పెరట్లోకి రాసాగింది. మా చిన్నమ్మాయి దానికి అన్నంలో చేపముక్క కలిపి పెట్టేది. ఒంటిరంగును బట్టి ‘భూరీ’ అని పేరు పెట్టింది. నేను వద్దనలేదు. వద్దనే హక్కు నాకు మిగల్లేదనిపించింది.

పిల్లి విషయంలో ఇస్లాం ధర్మం చూపిన సౌలభ్యం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. సహాబీ హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం కోడలు కబ్షా నీళ్లు సిద్ధం చేసింది. అంతలో ఒక పిల్లి వచ్చింది. ఆయన పాత్రను దానికి అందేలా వంచి తాగనిచ్చారు. కోడలు ఆశ్చర్యంగా చూడటం గమనించి, పిల్లి అశుద్ధమైనది కాదనీ, అది మీ చుట్టూ తిరుగుతుండే ప్రాణుల్లో ఒకటనీ దైవప్రవక్త (స) సెలవిచ్చిన సంగతిని ఆమెకు తెలియజేశారు. ఇమాం మాలిక్ (రహ్మలై) ‘మువత్తా’లోనూ, తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాల్లోనూ ఈ ఉల్లేఖనం ఉంది. పిల్లి ఎంగిలి చేసిన నీటిని వేరే నీరు ఉండగా వాడటం స్వల్పంగా అయిష్టమని హనఫీ పండితులన్నారు. షాఫిఈ పండితులు ఆ పట్టింపు కూడా పెట్టలేదు. అత్యధికంగా హదీసులను ఉల్లేఖించిన హజ్రత్ అబూ హురైరా (రజి)కి ఆ పేరు రావడానికి ఆయన పెంచుకున్న పిల్లికూనే కారణమని తిర్మిజీలో ఉంది.

మరో హదీసు నన్ను ఎక్కువగా వెంటాడింది. ఒక ప్రయాణంలో సహాబాలు ఒక చిన్న పక్షి గూటి నుంచి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లిపక్షి రెక్కలు చాచి అక్కడక్కడే తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లల పేరిట ఈ తల్లిని బాధించినవారెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ హదీసును నేను విద్యార్థుల చేత కంఠస్థం చేయించినవాణ్ణి. మా సామాన్ల గది గుమ్మం ముందు తిరిగిన తల్లిని మాత్రం గుర్తించలేకపోయాను.

కనికరం ఒక్కటే చాలదు

తిండి పెట్టడంతో బాధ్యత తీరిపోతుందని మేమనుకున్నాం. కొద్ది నెలలకే భూరీ మళ్లీ ఈనింది. ఈసారి పిల్లలను ఎవరూ కదిలించలేదు. ముగ్గురిలో ఇద్దరు రెండు నెలలు నిండకముందే వాంతులు, విరేచనాలతో రెండు రోజుల్లో చనిపోయారు. ప్యాన్‌ల్యుకోపీనియా అనే అంటువ్యాధి లక్షణాలవి అని, టీకా వేయించని పిల్లికూనలను అది ఇలాగే తీసుకుపోతుందని పశువైద్యుడు తరువాత చెప్పారు. మిగిలిన ఒక్కదాన్ని బంధువులు తీసుకెళ్లారు. ఆ పిల్ల పాలు మానిందో లేదో, భూరీ మళ్లీ ఎదకు వచ్చింది.

పిల్లుల సంతానక్రమం తెలుసుకుంటే ఈ సమస్య పరిమాణం అర్థమవుతుంది. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసులోనే చూడి కట్టగలదు. గర్భకాలం తొమ్మిది వారాలు. ఒక్కో ఈతకు సాధారణంగా మూడు నుంచి ఐదు పిల్లలు. పాలిస్తూ ఉండగానే మళ్లీ ఎదకు రావచ్చు. పగటివెలుగు ఏడాది పొడవునా సమృద్ధిగా ఉండే మన ప్రాంతంలో ఒక పిల్లి సంవత్సరానికి రెండు, మూడు ఈతలు ఈనడం వింతేమీ కాదు. వాటిలో చాలా పిల్లలు వాహనాల కింద, కుక్కల నోట, రోగాల పాలై పోతాయి. మిగిలినవి గోనెసంచుల్లోకి వెళతాయి.

“అబ్బా, దీనికి ఆపరేషన్ చేయిద్దాం. లేకపోతే ఏడాదికి రెండుసార్లు మనం ఇదే చూడాలి” అని మా అమ్మాయి అంది. నేను వెంటనే, “అల్లాహ్ సృష్టిని మార్చే హక్కు మనకు లేదు బేటీ” అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. కాసేపాగి, “మరి గోనెసంచీకి హక్కు ఉందా అబ్బా?” అని మాత్రం అడిగింది.

ధర్మం ఏమంటోంది?

ఆ రాత్రి కితాబులు తెరిచాను. పశువుల చెవులు కోయిస్తాననీ, దైవసృష్టిని మార్పిస్తాననీ షైతాను చేసిన ప్రతిజ్ఞను దివ్య ఖుర్‌ఆన్ ‘అన్‌నిసా’ సూరాలో (4:119) ప్రస్తావించింది. తఫ్సీరు పండితుల్లో కొందరు జంతువుల సంతానశక్తిని తొలగించడాన్ని కూడా దీని కిందికి తెచ్చారు. మరికొందరు ఇక్కడ సృష్టిని మార్చడమంటే అల్లాహ్ ధర్మాన్ని మార్చడమేనని వివరించారు. అంటే నా అభ్యంతరానికి ఆధారం లేకపోలేదు గానీ, అది నేననుకున్నంత సూటిగా లేదు.

రెండోవైపు, దైవప్రవక్త (స) వృషణాలు తొలగించిన రెండు పొట్టేళ్లను ఖుర్బానీ ఇచ్చినట్లు అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉల్లేఖనం ఉంది. దాని ఆధారంగా, పశువుకు గానీ మనుషులకు గానీ ప్రయోజనం ఉన్నప్పుడు ఈ పని తప్పు కాదని హనఫీ ఫిఖ్హ్ గ్రంథం ‘హిదాయా’ చెబుతోంది. ఔరంగజేబు కాలంలో మన దేశపు ఉలమాలు సంకలనం చేసిన ‘ఫతావా ఆలంగీరీ’లో ఈ విషయం మరింత స్పష్టంగా ఉంది. ప్రయోజనం లేనిదే ఈ పని చేయడం నిషిద్ధమని చెప్పి, ఆ వెంటనే పిల్లిని పేరుపెట్టి పేర్కొన్నారు. ప్రయోజనం కలుగుతున్నా, హాని తొలగిపోతున్నా పిల్లికి ఇలా చేయించడంలో దోషం లేదన్నారు. మూడు శతాబ్దాలకు పూర్వమే మన పండితుల ముందుకు ఈ ప్రశ్న వచ్చిందన్నమాట. నా అల్మారాలోనే ఉన్న ఆ గ్రంథంలో ఆ పుటను నేను ఎన్నడూ తెరవలేదు.

అయితే దీనిపై పండితులందరిదీ ఒకే మాట అని నేను చెప్పను. ఇమాం నవవీ (రహ్మలై) షాఫిఈ అభిప్రాయాన్ని వివరిస్తూ, మాంసం తినదగిన జంతువులకు చిన్నవయసులో మాత్రమే దీన్ని అనుమతించారు, మిగతావాటికి అనుమతించలేదు. సమకాలీన అరబ్బు పండితుల్లో షేఖ్ ఇబ్నె ఉసైమీన్ (రహ్మలై), పిల్లులు అధికమై ఇబ్బంది కలుగుతున్నప్పుడు, శస్త్రచికిత్స వాటికి హాని చేయనిదైతే తప్పు లేదనీ, పుట్టిన తరువాత చంపడం కన్నా ఇదే మేలనీ అభిప్రాయపడ్డారు.

నా చదువు మేరకు నాకు స్పష్టమైనది మూడు షరతులుగా చెబుతాను. మొదటిది, నిజమైన ప్రయోజనమో, తప్పించవలసిన హానియో ఉండాలి. రెండవది, అర్హత కలిగిన పశువైద్యుడు, మత్తు ఇచ్చి, బాధ తెలియకుండా చేయాలి. మూడవది, అది మన వినోదం కోసమో, సోఫాలు పాడవకుండా గోళ్లు మొదలంటా తీయించడం లాంటి మన సుఖం కోసమో కాకూడదు. అప్పటికే చూడితో ఉన్న పిల్లి విషయం వేరు. అలాంటప్పుడు వైద్యుని అభిప్రాయంతో పాటు మీరు నమ్మే ఆలిం సలహా కూడా తీసుకోండి.

“రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్. పిల్లులు పెరిగితే నీకేం?” అని మా మస్జిదులో ఒక పెద్దాయన అన్నారు. రిజ్క్ ఇచ్చేవాడు నిస్సందేహంగా అల్లాహ్‌యే. కాని ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని ఉపదేశించింది ఆయన ప్రవక్తే (స). మన చేతుల్లో ఉన్న ఉపాయాన్ని విడిచిపెట్టి, పిల్లికూనలు చనిపోతుంటే దాన్ని తవక్కుల్ అనడం సరికాదు.

వైద్యశాలలో

మా ఊరి ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరు గారు భూరీని పరీక్షించి, నులిపురుగుల మందు ఇచ్చి, రేబీస్ టీకా వేశారు. పిల్లులకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసే ఏర్పాటు అక్కడ లేదు. పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో గన్నవరం, తిరుపతి, తెలంగాణలో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఇటువంటి ఆసుపత్రులున్నాయి. పట్టణాల్లో ప్రైవేటు పశువైద్యులు కూడా ఈ చికిత్స చేస్తారు. మూతపెట్టిన ప్లాస్టిక్ బుట్టలో పాత దుపట్టా పరచి, దాన్ని బస్సులో తీసుకెళ్లాం.

ఆడపిల్లికి చేసే ఈ చికిత్సలో మత్తు ఇచ్చి, పొట్టపై వెంట్రుకలు తీసి, చిన్న గాటు ద్వారా అండాశయాలను, గర్భసంచిని తొలగిస్తారు. మగపిల్లికి వృషణాలు తీసేస్తారు. అది మరింత సులభం. ఆ తరువాత మగపిల్లులు వీధులు పట్టి తిరగడం, కొట్లాడుకోవడం, గోడలపై మూత్రం చిమ్మడం బాగా తగ్గుతాయి. ఆడపిల్లికి గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతక వ్యాధి రాదు. ఆరు నెలల వయసులోపే చేయిస్తే రొమ్ముగడ్డల ముప్పు కూడా చాలావరకు తగ్గిపోతుంది. పిల్లుల్లో ఆ గడ్డలు ఎక్కువగా క్యాన్సరువే కావడం వల్ల ఇది చిన్న ప్రయోజనం కాదు.

ఆపరేషన్‌కు బదులుగా సంతానం కలగకుండా ఇంజెక్షన్ వేయిస్తే చౌక అని మాకు ఒకరు సలహా ఇచ్చారు. డాక్టరు గారు వద్దన్నారు. ఆ హార్మోను మందుల వల్లనే గర్భసంచి వ్యాధులు, రొమ్ముగడ్డలు వచ్చే ప్రమాదం ఉందట.

చికిత్సకు ముందు ఎన్ని గంటలు తిండి ఆపాలో డాక్టరు చెప్పిన ప్రకారమే ఆపాలి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పాలిచ్చే తల్లి అయితే పిల్లలు తిండికి అలవాటుపడేదాకా ఆగాలి, ఆలోగా బయటికి వదలకూడదు.

భూరీని మాకు తిరిగి ఇచ్చినప్పుడు దాని కళ్లు తెరిచే ఉన్నాయి గాని, చూపు లేదు. మా అమ్మాయి ఏడ్చింది. మత్తులో పిల్లుల కళ్లు మూతపడవని, ఆరిపోకుండా మందు రాశామని డాక్టరు గారు వివరించారు. ఇంటికొచ్చాక గుడ్డ చుట్టి వెచ్చగా, నేలమీదనే, తలుపు వేసిన గదిలో ఉంచాం. మత్తు దిగేదాకా తూలుతుంది కనుక మెట్లు, మంచాలు అందుబాటులో ఉండకూడదు. పూర్తిగా తెలివి వచ్చిన తరువాతనే కొద్దిగా తిండి పెట్టాం. కుట్లు నాకకుండా పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటు ఆకారంలో కత్తిరించి, అంచుకు మెత్తని గుడ్డ కుట్టి నా భార్య దాని మెడకు కట్టింది. పదో రోజున కుట్లు విప్పారు. కుట్టు వాచినా, చీము కారినా, ఒక రోజు మించి తిండి మానేసినా ఆలస్యం చేయకుండా చూపించాలని చెప్పారు. అల్లాహ్ దయవల్ల ఆ అవసరం రాలేదు.

ఇంటివారికి కొన్ని జాగ్రత్తలు

పిల్లి జ్వరంతో ముడుచుకొని ఉంటే ఇంట్లోని పారాసెటమాల్ బిళ్లలో ముక్క వేయడం కొందరు చేసే పొరపాటు. పిల్లికి ఆ మందు విషం. ఒక్క బిళ్ల ప్రాణం తీయగలదు. మనుషుల మందులేవీ డాక్టరు చెప్పనిదే వేయకండి. కుక్కల పేలకు, గోమార్లకు వాడే పర్మెత్రిన్ మందు కూడా పిల్లికి ప్రాణాంతకమే.

టీకాలు ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి, మూడు నాలుగు వారాలకు మళ్లీ వేయించాలి. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక వేయించి, తరువాత డాక్టరు చెప్పిన వ్యవధిలో కొనసాగించాలి. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో పెంచిన పిల్లే కదా అని ఊరుకోకూడదు.

పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. గర్భిణి కడుపులోని శిశువుకు అది హాని చేయగలదు. కనుక ఇంట్లో గర్భవతి ఉంటే మలం పెట్టె శుభ్రపరిచే పని ఇతరులు తీసుకోవాలి. ఆ సూక్ష్మజీవి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి రోజూ శుభ్రం చేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. పిల్లి మలమూత్రాలు ధర్మం దృష్టిలో అశుద్ధమే. బట్టలకు, జానమాజుకు అంటితే కడుక్కోవాలి. దాని ఒళ్లు తగిలితే మాత్రం వుజూ భంగం కాదు.

పెద్దపిల్లులకు పాలు చాలావరకు అరగవు. శుభ్రమైన నీళ్లు, ఉడికించిన చేప లేదా కోడిమాంసం మేలు. ఉప్పుకారాలు, ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూర పెట్టకూడదు. ఆపరేషన్ తరువాత ఒళ్లు వచ్చే స్వభావం పెరుగుతుంది గనుక తిండి కొలత తప్పకూడదు.

ఖర్చు దుబారా కాదా?

“మనుషులకే మందుల్లేవు, పిల్లికి ఆపరేషనా?” అన్న ప్రశ్న నాకూ ఎదురైంది. అది తేలికగా తీసిపారేయవలసిన మాట కాదు. భార్యాబిడ్డల హక్కు, తల్లిదండ్రుల హక్కు ముందున్నాయి. అప్పు చేసి, అందునా వడ్డీకి తెచ్చి, ఇలాంటి పని చేయమని ఎవరూ అనరు. కాని మనం ఒక ప్రాణిని మన గుమ్మంలోకి రానిచ్చి, తిండికి అలవాటు చేసిన తరువాత దాని పోషణ మన బాధ్యత అవుతుంది. యజమాని తనను ఆకలితో ఉంచుతున్నాడని ఒక ఒంటె కన్నీరు కార్చినప్పుడు దైవప్రవక్త (స) దాని యజమానిని పిలిచి, మూగజీవి విషయంలో అల్లాహ్‌కు భయపడమని మందలించారు. దప్పికతో ఉన్న కుక్కకు తన మేజోడుతో బావి నీళ్లు తోడి పోసిన మనిషిని అల్లాహ్ క్షమించాడనీ, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉందనీ ఆయన (స) తెలియజేశారు. మాకు ప్రయాణంతో కలిపి రెండువేల పైచిలుకు ఖర్చయింది. ఇంట్లో రెండు నెలలు కొన్ని ఖర్చులు తగ్గించుకుంటే సరిపోయింది. ఒక్కరి వల్ల కాకపోతే వీధిలో నలుగురు కుటుంబాలవారు కలిసి వేసుకోవచ్చు. వీధిలోని పిల్లులన్నిటినీ కాకపోయినా, మన ఇంటి గుమ్మం ఎక్కినదాన్ని చూసుకోగలం కదా.

భూరీ ఇప్పుడు మా ఇంటి అరుగు మీదనే ఉంటుంది. మదరసా సామాన్ల గదిలో ఎలుకల బెడద తగ్గింది. ఇప్పుడు ఆ గది తలుపు కింది మూలలో దాని రాకపోకలకు చిన్న కంత వదిలాం. నన్ను ఆనాడు ప్రశ్నించిన విద్యార్థి పదిహేనేళ్లవాడయ్యాడు. మొన్న అదే హదీసు పాఠం వచ్చినప్పుడు, చిన్నపిల్లలకు ఆ సంచి సంగతి నేనే చెప్పాను. అతను తల వంచుకొని విన్నాడు. నేను దాచకుండా చెప్పినందుకు సిగ్గుపడ్డాడో, సంతోషించాడో నాకు తెలియదు.

పాఠకులారా, ఆ నాలుగు ప్రాణాల లెక్క నా మీద ఉంది. భూరీకి చేసిన సేవ ఆ లెక్కను కొట్టివేస్తుందని నేను అనుకోవడం లేదు. అది అల్లాహ్ కారుణ్యంపై ఆధారపడి ఉంది. మీ ఇంటి సామాన్ల గదిలోనో, మేడమెట్ల కిందనో పిల్లి ఈనితే మాత్రం సంచి వెతకకండి. ఆరేడు వారాలు ఆగండి. పిల్లలు తిండికి అలవాటుపడ్డాక మంచి ఇళ్లు చూసి ఇవ్వండి. తల్లిని పశువైద్యుని వద్దకు తీసుకెళ్లండి.

మనకు తెలిసినదాన్ని ఆచరించే భాగ్యాన్ని, తెలియక చేసినదానికి క్షమాపణను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.